నూనెగింజ నుండి డీజిల్: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

తెలంగాణమందు ప్రతి గ్రామపంచాయతీకిని ఒక ట్రాక్టరు, ఒక ట్రాలీ, ఒక నీటి ట్యాంకరు కలవు. 2019-20 సంవత్సరములలో పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద ఇవి సమకూడినవి. చెత్తను ఎత్తుటకు, బాటల వెంబడి నాటిన మొక్కలకు నీరు పోయుటకు, వైకుంఠధామమునకు సామగ్రి తరలించుటకు ఈ బండియే ఆధారము. దీని డీజిల్ బిల్లు నెల నెల పంచాయతీ పద్దులలో తప్పక కనబడు అంకె. వీధిదీపముల బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతములు పోగా మిగిలిన సొమ్ములో ఈ ఖర్చు చిన్నది కాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు నూనెగింజలకు పేరు మోసినవి. యాసంగిలో ఇచటి ఎర్రనేలలందు పల్లికాయ పంట పరచుకొని యుండును. ఆముదము ఈ మెట్టనేలలకు పాత చుట్టము. నల్లమల అంచున కానుగ, ఇప్ప, వేప చెట్లకు కొదువ లేదు. ఇన్ని నూనెలు పండు నేలలో బండికి మాత్రము ఎచటనో సముద్రముల కావలి నుండి వచ్చు నూనె ఏల పోయవలెనను ప్రశ్న గ్రామసభలలో పుట్టుట సహజము. విదేశములలో శాకతైలమునకు హైడ్రోజన్ అను ఉదజనిని చేర్చి డీజిల్ వంటి ఇంధనము చేయుచున్నారనియు, లారీలు, బస్సులు దానితో నడచుచున్నవనియు వార్తలు వచ్చుచున్నవి. ఆ వార్త నిజమే. అయితే అందులో మన పంచాయతీలకు వర్తించునది ఎంత, వర్తించనిది ఎంత యను విషయము విడదీసి చూడవలసియున్నది. బంచరాయి భూములను ఎవరికైనను తోటల నిమిత్తము అప్పగించు తీర్మానము, పంచాయతీ బండిలో ఏమి పోయవలెనను నిర్ణయము, ఈ రెండును సభ్యుల చేతిలోనివే గదా.

వేరుశనగ నూనెతో నడచిన తొలినాటి ఇంజను

డీజిల్ అనునది మొదట ఒక మనుష్యుని పేరు. జర్మను దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజనును కనిపెట్టెను. 1900 సంవత్సరమున పారిస్ నగరమందు జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అట్టి ఇంజనునొకదానిని వేరుశనగ నూనెతో నడిపి చూపిరి. ఫ్రెంచి ప్రభుత్వము తన ఆఫ్రికా వలసలలో పండు వేరుశనగను అచటి యంత్రములకు ఇంధనముగా వాడవచ్చునా యని తెలియగోరినందున ఈ ప్రయోగము జరిగెను. ఇంజను ఏ ఇబ్బందియు లేక నడచినదని డీజిల్ స్వయముగా 1912లో ఒక ఉపన్యాసమందు చెప్పియున్నాడు. పిమ్మట భూగర్భతైలము చౌకగా లభించుటచే ఇంజన్లన్నియు దానికి తగినట్లు మలచబడినవి. నేటి ట్రాక్టరులోని ఇంధనపు పంపు, సూది వంటి ఇంజెక్టరు పలుచని డీజిల్‌కై చెక్కినవి. నాటి మోటు యంత్రము త్రాగిన నూనెను నేటి సున్నితపు యంత్రము త్రాగజాలదు.

ఈ సంగతిని ముందుగా గట్టిగా చెప్పవలసియున్నది. ఏలయన గానుగ నూనెను డీజిల్‌లో కలిపి పోసినచో ఖర్చు తగ్గునని నమ్మి కొందరు ప్రయత్నించుచుందురు. డీజిల్ కన్న వేరుశనగ నూనె గాని కానుగ నూనె గాని పదింతలకు పైగా చిక్కనైనది. ఆముదము సంగతి చెప్పనవసరమే లేదు. అది వాని కన్నను ఐదారింతలు చిక్కన. ఇట్టి నూనె ఇంజెక్టరు నుండి పొగమంచు వలె చిమ్మక బొట్లుగా పడును. పడిన బొట్టు పూర్తిగా కాలదు. కాలని నూనె ఇంజెక్టరు మొనపై బొగ్గుగా పేరుకొనును, పిస్టను రింగులను అంటించివేయును, క్రిందికి జారి ఇంజనాయిలును జిగురుగా మార్చును. మొదటి నెలలో బండి చక్కగనే నడచును. ఆరవ నెలలో మెకానిక్ చూపు బిల్లు, ఆదా అయిన డీజిల్ ఖరీదును మింగివేయును.

నూనెను మార్చు రెండు మార్గములు

నూనెను డీజిల్ వలె పలుచన చేయుటకు రెండు మార్గములు కలవు. మొదటిది బయోడీజిల్ మార్గము. నూనె యనగా మూడు క్రొవ్వు ఆమ్లముల గొలుసులు ఒక గ్లిసరిన్ కణికకు తగులుకొని యున్న పదార్థము. మూడు పగ్గములు ఒక్క గుంజకు కట్టినట్లు. ఈ నూనెలో మిథనాల్ అను సారాయి జాతి ద్రవమును, కొంచెము క్షారమును కలిపి వేడి చేసినచో పగ్గములు గుంజ నుండి విడిపోవును. గ్లిసరిన్ అడుగున దిగును, పైన తేరినది బయోడీజిల్. పది కిలోల నూనెకు ఇంచుమించు పది కిలోల బయోడీజిల్, ఒక కిలో గ్లిసరిన్ వచ్చును. పెద్ద ఒత్తిడిగాని మహా ఉష్ణముగాని అక్కరలేదు. కాకినాడలోని యూనివర్సల్ బయోఫ్యూయల్స్ కర్మాగారమందు పెద్ద యెత్తున జరుగునది ఇదియే. కాని ఈ ఇంధనములో ఆమ్లజని మిగిలి యుండును. అందుచే అది గాలిలోని తేమను పీల్చును, నిలువ యుంచినకొలది చెడును, పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును. కావున డీజిల్‌లో కొలది పాళ్లలో కలుపుటకే ఇది తగినది. మన దేశపు డీజిల్ ప్రమాణము నూటికి ఏడు పాళ్ల వరకు బయోడీజిల్‌ను అనుమతించుచున్నది.

రెండవది ఉదజని మార్గము. దీనిని మన సభ్యులకు పరిచయమైన ఒక వస్తువుతో పోల్చి చెప్పవచ్చును. డాల్డాను ఎరుగనివారుండరు. ద్రవరూపమైన నూనెలోనికి నికెలు లోహపు పొడి సహాయమున ఉదజని వాయువును ఎక్కించినచో నూనె గడ్డకట్టి వనస్పతి యగును. జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ 1902లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను. వనస్పతి తయారీలో ఉదజని చేయు పని కొంచెమే. నూనె గొలుసులో ఖాళీగా నున్న తావులను నింపి ఊరకొనును. గ్లిసరిన్ గుంజ అట్లే యుండును, ఆమ్లజనియు అట్లే యుండును. అందుచే అది తినుటకు పనికివచ్చు క్రొవ్వుగానే మిగులును.

ఇంధనము చేయునపుడు అదే పనిని కడదాక లాగుదురు. నూనెను మూడు నాలుగు వందల డిగ్రీల వేడిమిలో, గాలి ఒత్తిడికి ముప్పది మొదలు నూరు రెట్ల వరకు గల ఒత్తిడిలో, ఉత్ప్రేరకపు గుళికలపై ఉదజనితో పాటు పంపుదురు. ఉదజని మొదట ఖాళీ తావులను నింపును, తరువాత పగ్గములను గుంజ నుండి తెంచును, చివరకు వానిలోని ఆమ్లజనిని కూడ లాగివేయును. ఆమ్లజని నీరుగా, కొంత బొగ్గుపులుసు వాయువుగా వెలికి పోవును. గ్లిసరిన్ గుంజ ప్రొపేన్ వాయువగును. మన వంట సిలిండరులోని వాయువులలో నొకటి యదియే. మిగిలిన గొలుసులలో కర్బనము, ఉదజని తప్ప మరేమియు నుండవు. భూగర్భము నుండి వచ్చిన డీజిల్‌లోని మంచి భాగము కూడ ఇట్టి గొలుసులే. ఆ పిమ్మట గొలుసులను కొంచెము కొమ్మలు వేయునట్లు వంచుట అను మరియొక దశ గలదు. అది లేనిచో చలిలో ఇంధనము మైనము వలె పేరుకొనును. మన నడిగడ్డ ఎండలలో ఆ భయము లేదు గాని, హిమదేశములలో అదియే ప్రధానము.

ఇట్లు వచ్చినదే హెచ్.వి.ఓ. అని పిలువబడు ఉదజనీకృత శాకతైలము. ఫిన్లాండు దేశపు నెస్టె సంస్థ పోర్వో పట్టణమందు 2007లో ఈ పద్ధతిని వాణిజ్యస్థాయిలో ప్రారంభించెను. 2010లో సింగపూరులోను, 2011లో హాలెండు దేశపు రోటర్‌డామ్ రేవులోను పెద్ద కర్మాగారములు నెలకొల్పెను. ఇటలీలోని వెనిస్ వద్ద 2014లో ఒక పాత పెట్రోలు శుద్ధి కర్మాగారమునే దీనికై మార్చిరి.

బండికి దీని వలన కలుగు లాభములు

దీని గుణములు మెచ్చదగినవి. డీజిల్ ఇంజనులో ఏ మార్పును చేయకయే దీనిని పోయవచ్చును. డీజిల్‌తో ఏ పాళ్లలోనైనను కలియును. అంటుకొను చురుకును సూచించు సిటేన్ సంఖ్య మన డీజిల్‌కు 51 ఉండవలెనని నిబంధన; దీనికి 70 పైన నుండును. గంధకము లేదు. నల్లపొగకు మూలమైన సుగంధ జాతి కర్బనపదార్థములు లేవు. అందుచే పొగగొట్టము నుండి మసి బాగుగా తగ్గును. నెలల తరబడి నిలువ చేసినను బయోడీజిల్ వలె చెడదు.

లోపములును చెప్పవలెను. ఇది డీజిల్ కన్న తేలిక. లీటరు బరువు సుమారు 780 గ్రాములు. కావున లీటరుకు వచ్చు శక్తి నూటికి నాలుగైదు పాళ్లు తక్కువ. పంపు అరుగకుండ దీనిలో కందెన గుణమునకై వేరొక మందు కలుపవలసియుండును. చిరకాలము డీజిల్‌లో నానిన పాత ఇంజన్ల రబ్బరు వాషర్లు ఈ ఇంధనమునకు మారినప్పుడు కొంచెము కుంచించుకొని కారుట అప్పుడప్పుడు కనబడును. వాషరు మార్చిన సరిపోవును. ధర మాత్రము సాధారణముగా డీజిల్ కన్న హెచ్చే. ఐరోపాలో దీని అమ్మకము పెరుగుటకు కారణము అచటి చట్టములు, పన్నుల సడలింపులు. మన గ్రామముల దగ్గరి పెట్రోలు బంకులలో ఇది దొరకదు.

గాలిలోనికి పోవు బొగ్గుపులుసు వాయువు సంగతి వేరు. ఒక లీటరు డీజిల్ కాలినచో రమారమి 2.7 కిలోల వాయువు వెలువడును. ఈ నూనె కాలినను ఇంచుమించు అంతే వెలువడును. భేద మేమనగా, దీనిలోని కర్బనము మొన్న మొన్ననే చెట్టు ఆకాశము నుండి పీల్చుకొన్నది; కోట్ల ఏండ్లు భూమిలో పూడియున్నది కాదు. అయితే పంటకు వేసిన ఎరువు, దున్నిన ట్రాక్టరు, ఉదజని చేయుటకు వాడిన సహజవాయువు, ఇవన్నియు లెక్కలోనికి రావలెను. అడవి నరికి తోట వేసినచో లాభము పోయి నష్టము మిగులును. ఇండోనేషియా, మలేషియా దేశములలో పామాయిలు తోటలపై వచ్చిన ఆక్షేపణ ఇదియే. ఐరోపా సమాఖ్య 2019లో పామాయిలు ఇంధనమును క్రమముగా 2030 నాటికి తొలగింప నిశ్చయించినది. అందుచే అసలు ప్రశ్న ఇంజనుది కాదు. ఏ నూనె, ఏ నేల నుండి యన్నదే.

ఒక ట్రాక్టరు లెక్క

పంచాయతీ ట్రాక్టరు దినమునకు 5 లీటర్ల చొప్పున ఏడాదికి 300 దినములు నడచుననుకొందము. డీజిల్ 1,500 లీటర్లు. శక్తి తరుగును కలుపుకొన్నచో ఉదజనీకృత తైలము సుమారు 1,570 లీటర్లు, అనగా 1,225 కిలోలు కావలెను. నూరు కిలోల నూనె నుండి ఎనుబది కిలోలకు కొంచెము పైగా ఇంధనము వచ్చును గాన, ఒక బండికి ఏడాదికి సుమారు 1,500 కిలోల నూనె అవసరము.

ఈ నూనె పల్లికాయ నుండి తీయుదమన్నచో, కాయ బరువులో నూటికి ముప్పది పాళ్లు నూనె వచ్చుననుకొన్నను 50 క్వింటాళ్ల కాయ కావలెను. ఎకరాకు ఎనిమిది, పది క్వింటాళ్లు పండినచో ఐదారెకరముల యాసంగి పంట ఒక్క ట్రాక్టరు కడుపున పోవును. ఆ 1,500 కిలోల నూనె, మనిషికి ఏడాదికి 20 కిలోల చొప్పున డెబ్బది ఐదుగురికి, అనగా పదునైదు కుటుంబములకు వంటకు సరిపడునది. మన దేశము తినునట్టి నూనెలో సగమునకు పైగా విదేశముల నుండియే కొనుచున్నది. అట్టి స్థితిలో వంటనూనెను బండిలో పోయుట ఎట్టి పొదుపో సభ్యులే చెప్పవలెను. ధర చూచినను కిలో వేరుశనగ నూనె ఖరీదు లీటరు డీజిల్ ఖరీదును మించియున్నది. కావున పల్లికాయ నుండి డీజిల్ అను మాటను ఇచటనే విడిచిపెట్టవచ్చును. వనపర్తి, గద్వాల జిల్లాలలో ఇటీవల వేసిన పామాయిలు తోటలకును ఇదే వర్తించును. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పామాయిలు పథకము వంటనూనె దిగుమతి తగ్గించుటకు ఉద్దేశింపబడినది.

ఆముదము తినునది కాదు గదా యని కొందరందురు. నిజమే. నాగర్‌కర్నూలు జిల్లా పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము ఆముదపు వంగడములకు పేరొందినది కూడ. కాని ఆముదములోని ముఖ్య ఆమ్లమునందు మిగిలిన నూనెలలో కన్న ఆమ్లజని ఒక పాలు ఎక్కువ. దానిని తొలగించుటకు ఉదజని ఎక్కువ ఖర్చగును. పైగా ఆ గుణము వలననే ఆముదమునకు మందులలో, రంగులలో, కందెనలలో ప్రపంచమంతట గిరాకి యున్నది. మంచి ధర పలుకు సరకును కాల్చుటకు అమ్ముట తెలివి కాదు.

కానుగ కథ

మిగిలినది కానుగ. గానుగకు, కానుగకు పేరులో ఒక్క అక్షరమే భేదము. మన పెద్దలు ఆ గింజను ఈ యంత్రములో ఆడించి దీపములకు, పశువుల పుండ్లకు వాడిరి. తినుటకు పనికిరాదు, చేదు. చెట్టు ఎర్రనేలలందును, వాగు గట్లపైనను పెరుగును. మేకలు సాధారణముగా దాని జోలికి పోవు. వేళ్లు నత్రజనిని నేలలో నిలుపును. రొట్ట వరి మడికి పచ్చిరొట్ట ఎరువు, చెక్క పొలమునకు ఎరువే గాక వేరుపురుగులకు విరుగుడు. వేసవి ప్రవేశించు నాటికి కాయలు ఎండి రాలును.

ఉత్తర తెలంగాణమందు ఈ చెట్టుతో ఒక ప్రయోగము జరిగినది, దానిని సభ్యులు ఎరిగియుండుట మంచిది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఒక ఆదివాసి గూడెమందు కానుగ నూనెతో జనరేటరు నడిపి ఇండ్లలో దీపములు వెలిగించిరి. ఆ జిల్లాలోనే పవర్‌గూడ అను చిన్న గ్రామపు మహిళాసంఘములు, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ తోడ్పాటుతో వేలకొలది కానుగ మొక్కలు నాటి, నూనె మిల్లు పెట్టుకొనిరి. ఆ చెట్ల నుండి పదేండ్లలో వచ్చు నూనె డీజిల్‌కు బదులుగా వాడబడినచో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గునని లెక్కకట్టిరి. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు తన వాషింగ్టన్ సమావేశపు ప్రయాణముల వలన కలిగిన పొగకు పరిహారముగా ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించెను. మన దేశమందు ఒక గ్రామపు స్త్రీలు గాలిని కాపాడినందుకు ఇట్లు సొమ్ము పొందుట అప్పటికి క్రొత్త సంగతి. ఆ సొమ్మును మరల కానుగ నారుకే వెచ్చించిరి.

ఈ కథలో పవర్‌గూడ వారి ఆదాయము డీజిల్ అమ్మకము వలన వచ్చినది కాదు. నారు పెంచి అటవీశాఖకు అమ్ముట, ఇరుగుపొరుగు గింజలను మిల్లాడించి కూలి తీసికొనుట, చెక్కను పొలములకు అమ్ముట, వీని వలన వచ్చినది. నూనె ఒక్కటియే చూచుకొన్నచో లెక్క కష్టము. నాలుగు కిలోల గింజకు ఒక కిలో నూనె. మన ట్రాక్టరుకు 1,500 కిలోల నూనె కావలెనన్నచో 6,000 కిలోల గింజ కావలెను. చెట్టుకు పది పదునైదు కిలోల గింజ దొరికినచో నాలుగు వందల నుండి ఆరు వందల చెట్లు కావలెను. కాయ బరువులో సగమే గింజ, మిగిలినది పొట్టు. ఏరుట, ఒలుచుట అంతయు చేతిపని. కిలో గింజకు కూలివారికి 25 రూపాయలు ముట్టవలెనన్నచో, ఒక లీటరు ఇంధనములో గింజల ఖరీదే 95 రూపాయలగును. గానుగ కూలి, లారీ కిరాయి, ఉదజని ఖర్చు ఆపైన. చెక్క అమ్మినందున కొంత తిరిగి వచ్చును గాని, డీజిల్ కన్న చౌక యగుననుట పొరపాటు.

ఇంతకన్న చేదు అనుభవము జట్రోఫా అను అడవియాముదపు మొక్క వలన దేశమంతట కలిగినది. 2003లో ప్రణాళికా సంఘము వారు బంజరులలో ఈ మొక్కను పెంచి డీజిల్‌లో కలుపవలెనని సూచించిరి. నీరు లేకున్నను కాయునని ప్రచారము సాగెను. మొక్క బ్రదికినది, కాయ రాలేదు. ఎరువు, నీరు ఇచ్చిన చోట కాచినది. అట్టి నేలలో రైతు దానిని ఏల వేయును? అనేక తోటలు పెరికివేయబడినవి. అయినను ఆ శ్రమ పూర్తిగా వ్యర్థము కాలేదు. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ శాస్త్రజ్ఞులు జట్రోఫా నూనెను ఉదజనితో శుద్ధి చేసి విమాన ఇంధనము చేసిరి. 2018 ఆగస్టు 27వ తేదీన స్పైస్‌జెట్ విమానమొకటి ఆ ఇంధనమును నాలుగింట ఒక పాలు కలుపుకొని డెహ్రాడూన్ నుండి ఢిల్లీకి ఎగిరెను. అనగా శాస్త్రము మన దేశమందును సిద్ధముగ నున్నది. చాలినంత నూనె చౌకగా దొరకుటయే కరవు.

కాగిన నూనె

ఆ కరవును కొంత తీర్చగల సరకు ఒకటి మన బాటల ప్రక్కనే పారవేయబడుచున్నది. హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు 44వ జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా, అలంపురం చౌరస్తాల మీదుగా మన జిల్లాలను చీల్చుకొని పోవుచున్నది. దాని వెంబడి ధాబాలు, హోటళ్లు, మిర్చిబజ్జీల బండ్లు లెక్కకు మిక్కిలి. వీరు కాచి కాచి నల్లబడిన నూనెను ఏమి చేయుదురు? కొందరు మోరీలో పోయుదురు, మోరీ పూడుకొనును. మరికొందరు చౌకధరకు చిన్న బండ్లవారికి అమ్ముదురు. అది తిరిగి మన పిల్లల పొట్టలోనికే చేరును. 2018 జులై 1వ తేదీ నుండి అమలులో నున్న ఆహార భద్రతా నిబంధన ప్రకారము, కాచుట వలన పుట్టు చెడు పదార్థములు నూటికి 25 పాళ్లు దాటిన నూనెను వంటకు వాడరాదు. అట్టి నూనెను సేకరించి ఇంధన కర్మాగారములకు చేర్చు పథకమును ఆ సంస్థయే 2018 ఆగస్టులో ప్రారంభించినది.

ప్రపంచమందు ఉదజనీకృత తైలము చేయువారు నేడు మిక్కిలిగ కోరునది ఈ కాగిన నూనెనే. దీనికై ఎవరి నేలయు పోదు, ఎవరి కూడును పోదు. 2025లో ఇండియన్ ఆయిల్ వారి పానిపట్ శుద్ధి కర్మాగారము ఇట్టి నూనె నుండి విమాన ఇంధనము తయారు చేయుటకు అంతర్జాతీయ ధ్రువీకరణము పొందినది. నూరు కిలోల కాగిన నూనె నుండి నూరు లీటర్లకు పైగా ఇంధనము వచ్చును. రహదారి గ్రామముల పంచాయతీలు వర్తకపు లైసెన్సులు ఇచ్చునపుడు, కాగిన నూనెను డబ్బాలలో దాచి నమోదైన సేకరణదారులకే అమ్మవలెనని షరతు పెట్టవచ్చును. జిల్లా ఆహార భద్రతాధికారి వద్ద సేకరణదారుల వివరము అడిగి తెలిసికొనవచ్చును. దీనివలన పంచాయతీ ట్రాక్టరు డీజిల్ తగ్గదు. కాని మోరీ పూడదు, బజ్జీల బండిలో విషము కాగదు, హోటలువానికి నాలుగు డబ్బులు వచ్చును. నా దృష్టిలో ఈ మొత్తము వ్యవహారమందు పంచాయతీ నేడే చేయగల పని ఇదియే.

తీర్మానమునకు ముందు అడుగవలసినవి

ఈ ఇంధనమునకు గిరాకి పెరిగినకొలది గ్రామములకు బేరగాండ్రు వత్తురు. ఒకడు వచ్చి, లారీలకు ‘పచ్చ డీజిల్’ అమ్ముదునని పీపాలు దింపును. మరియొకడు బంచరాయిని ముప్పది ఏండ్లకు కౌలు కోరును. ఇద్దరితోను నిదానించి మాట్లాడవలెను.

పీపాలవానిని సరకు పేరు అడుగవలెను. బయోడీజిల్ అన్నచో, 2019 ఏప్రిల్ 30 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకముల ప్రకారము దానిని వాహనములకు అమ్మువారు రాష్ట్ర అధికారుల వద్ద నమోదు కావలెను. ఆ పత్రమును చూడవలెను. ఉదజనీకృత తైలమన్నచో ఏ శుద్ధి కర్మాగారము నుండి వచ్చినదో చెప్పమనవలెను. దీనిని షెడ్డులోగాని గానుగ ఇంటిలోగాని చేయజాలరు. పైన చెప్పిన వేడిమి, ఒత్తిడి, మండు స్వభావముగల ఉదజని పెద్ద కర్మాగారమునకే సాధ్యము. గ్రామములోనే తయారు చేసితినని చెప్పువాని మాట నమ్మదగినది కాదు. కల్తీ నూనె పోసి ఇంజను చెడినచో ట్రాక్టరు కంపెనీవారు పూచీ వహింపరు. ఆ మరమ్మతు ఖర్చుపై ఆడిట్‌లో ఆక్షేపణ సర్పంచి, కార్యదర్శుల మీదకు వచ్చును.

కౌలువానిని వేరు ప్రశ్నలు అడుగవలెను. గింజలు ఎవరు కొందురు, ఏ ధరకు, ఎన్నేండ్లకు? కానుగ కాపునకు వచ్చుటకు ఐదు నుండి ఏడేండ్లు పట్టును. అంతవరకు గొర్రెల మందలు ఎచట మేయవలెను? మన జిల్లాలలో గొల్లకురుమల బ్రతుకు ఈ బంచరాయిపైననే ఆధారపడియున్నది. ఈ ప్రశ్నను వ్రాతమూలకముగా పరిష్కరించుకొననిదే గ్రామసభలో తీర్మానము పెట్టరాదు. కొనుగోలు హామీ లేని ఒప్పందము వ్యర్థము. జట్రోఫా వేసిన వారికి మొక్క ఇచ్చినవాడు దొరకెను, కాయ కొనువాడు దొరకలేదు.

కౌలు లేకయే కానుగను పెంచు దారి యున్నది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ప్రతి గ్రామమున నర్సరీ ఉండవలెను, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదికియుండవలెను, పంచాయతీ బడ్జెట్‌లో పదవ వంతు పచ్చదనమునకు వేరుగ ఉంచవలెను. ఈ నర్సరీలో పూలమొక్కలతో పాటు కానుగ నారు పోసి, చెరువు కట్టల వెంబడి, కాలువ గట్లపై, బాటల కిరుప్రక్కల నాటవచ్చును. నీడ, రొట్ట, చెక్క, ఇవి మూడును ఇంధనపు ధరతో నిమిత్తము లేక గ్రామమునకు దక్కును. గింజలకు మంచి ధర వచ్చిన ఏట అమ్ముకొనవచ్చును, రాని ఏట గానుగాడించుకొనవచ్చును. అమ్రాబాద్, లింగాల, అచ్చంపేట వైపు చెంచువారు అడవి నుండి ఏరు కానుగ, ఇప్ప గింజలు కేంద్రము కనీస మద్దతు ధర ప్రకటించు అటవీ ఫలసాయములలో చేరియున్నవి. ఆ ధర చెంచువారి చేతికి చేరుచున్నదా, తూకము సరిగా నున్నదా యని ఆ గ్రామముల సభ్యులు గిరిజన సహకార సంస్థ డిపోకు పోయి విచారింపవచ్చును. ఇందుకు ఏ క్రొత్త కర్మాగారము కొరకును వేచియుండనక్కరలేదు.

ట్రాక్టరు డీజిల్ ఖర్చు తగ్గుటకు మాత్రము వేరు ఉపాయములు చూడవలసినదే. చెత్తబండి ఏ వీధి నుండి ఏ వీధికి పోవలెనో క్రమము నిర్ణయించుట, టైర్ల గాలి వారమునకొకసారి చూచుట, గాలి వడపోత డబ్బాను శుభ్రము చేయించుట, లాగ్‌పుస్తకములో కిలోమీటర్లను గంటలను నాటిదినాడే వ్రాయుట, ఇవి చేసిన పంచాయతీలో నెలకు ఎన్ని లీటర్లు మిగులునో మూడు నెలల లెక్క ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన తెలియును.